178 సెకన్లు: మేఘంలోకి దూరిన చిన్న విమానాల కథ

ఈ ఎపిసోడ్ నిజానికి నా జాబితాలో లేదు. నిజాం కాలపు రైల్వేల గురించి చెబుతానని పోయినసారి మాటిచ్చాను, గుర్తుంది. అది వచ్చే వారం. ఈసారి మా అక్క పుణ్యమా అని దారి మళ్ళాల్సి వచ్చింది.

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకి నెల్లూరు నుంచి అక్క ఫోన్ చేసింది. ఆ టైములో ఫోనొస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది కదా. "ఒరేయ్, వీడు విమానం నడుపుతున్నాడంటరా! లైసెన్సు కూడా వచ్చేసిందట. నాకు ఇప్పుడు చెబుతున్నాడు. నువ్వేదో చరిత్రలూ యుద్ధాలూ అని గంటలు గంటలు మాట్లాడతావు కదా, వాడికి నాలుగు మాటలు చెప్పు" అంది. వీడంటే మా మేనల్లుడు. టెక్సస్‌లో ఆస్టిన్‌లో ఉద్యోగం.

వాడికి చేశాను. శుభ్రంగా మాట్లాడాడు. తొంభై గంటలు నడిపాడట. సెలవుల్లో ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని శాంటా ఫే వెళ్దామని ఆలోచన. సరే, దారిలో వాతావరణం పాడైతే ఏం చేస్తావురా అన్నాను. "వెనక్కి తిరిగి వచ్చేస్తా మామయ్యా. అంతేగా" అన్నాడు.

ఆ "అంతేగా" అన్న మాట మీదే ఇవాళ్టి ఎపిసోడ్. ఎందుకంటే ఆ వెనక్కి తిరగడం అనే పని మనిషి చేయగలడా లేదా అని 1954లో అమెరికాలో నిజంగానే పరీక్ష పెట్టి చూశారు.

అక్కడికి వెళ్ళే ముందు ఒక చిన్న సంగతి. మన ఊళ్ళలో ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడతారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి, ఆగగానే ఏమవుతుంది? కాళ్ళు నేల మీదే ఉంటాయి, లోకం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చెవి లోపల మూడు సన్నటి గొట్టాలున్నాయి, అర్ధచంద్రాకారంలో. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు గొట్టం తిరుగుతుంది, ద్రవం కొంచెం వెనకబడుతుంది, ఆ తేడాని బట్టి మెదడు "తిరుగుతున్నాం" అనుకుంటుంది. ఇందులో ఒక లొసుగుంది. ఒకే వేగంతో కాసేపు తిరిగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు తేడా ఉండదు. తిరుగుతున్నట్టు మెదడుకి తెలియనే తెలియదు. మరీ నెమ్మదిగా తిరగడం మొదలైతే ఆ మొదలవడం కూడా తెలియదు. నేల మీద మనల్ని కాపాడేది కళ్ళు. కళ్ళకి గంతలు కట్టేస్తే మిగిలేది ఈ అబద్ధాల చెవి ఒక్కటే.

మేఘంలోకి దూరిన పైలట్‌కి జరిగేది సరిగ్గా ఇదే. కిటికీ బయట అంతా తెల్లగా, లేదా రాత్రయితే అంతా నల్లగా ఉంటుంది. దిగంతం కనిపించదు.

తొలి రోజుల పైలట్లు దీన్ని ఒప్పుకునేవారు కాదు. మంచి పైలట్ అంటే కూర్చున్న సీటు ఒత్తిడిని బట్టే విమానం ఎటు వాలుతోందో చెప్పేస్తాడని వాళ్ళ గర్వం. ఆ గర్వాన్ని పటాపంచలు చేసింది ఒక కుర్చీ. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్రిస్సీ ఫీల్డ్‌లో విలియం ఆకర్ అనే అమెరికన్ సైనిక పైలట్‌ని డేవిడ్ మయర్స్ అనే సైనిక డాక్టరు గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూయించి తిప్పాడు. ఎటు తిరుగుతున్నావో చెప్పమన్నాడు. ఆకర్ అప్పటికే ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. తప్పు చెప్పాడు. కుర్చీ నెమ్మదిస్తుంటే, ఎదురు దిక్కుకి తిరుగుతున్నానన్నాడు. ఇంకొకరైతే అవమానంతో లేచి వెళ్ళిపోయేవారు. ఆకర్ ఏం చేశాడంటే, గైరోతో పనిచేసే మలుపు సూచికని ఒక పెట్టెలో బిగించుకుని మళ్ళీ వచ్చాడు. ఆ పెట్టెలోకి చూస్తూ కుర్చీలో తిరిగాడు. ఈసారి ప్రతి జవాబూ సరైనదే. అంటే ఒళ్ళు చెప్పేది వినకుండా సూది చెప్పేది నమ్మితే గుడ్డిగా కూడా ఎగరొచ్చన్నమాట. విమానయానంలో రెక్కల తర్వాత అంత పెద్ద ఆవిష్కరణ ఇదేనని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాల్లో ఆకర్ పేరు కనిపించదు, అది వేరే బాధ.

మూడేళ్ళ తర్వాత, 1929 సెప్టెంబరు 24న, జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో కాక్‌పిట్ మీద ముసుగు కప్పేసుకుని, బయటికి ఏమీ చూడకుండా, విమానాన్ని లేపి, తిప్పి, దింపాడు. దాదాపు పదిహేను నిమిషాలు. ముందు సీట్లో ఇంకో పైలట్ ఉన్నాడు గానీ కంట్రోల్స్ ముట్టుకోలేదు. స్పెర్రీ కంపెనీవాళ్ళ కృత్రిమ దిగంతం అనే పరికరం ఆ రోజు వెలుగులోకి వచ్చింది. పెద్ద విమానాలకి, మిలిటరీకి, ఎయిర్‌లైన్లకి అక్కడితో దారి దొరికింది.

కానీ చిన్న విమానాలు? రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో డాక్టర్లు, వ్యాపారులు, రైతులు కూడా సొంత విమానాలు కొన్నారు. 1947లో బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ బొనాంజా అనే నాలుగు సీట్ల విమానం తెచ్చింది. తోక ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఉంటుంది. అందమైనది, వేగమైనది. వీటిని నడిపేవాళ్ళలో చాలామందికి పరికరాల మీద ఆధారపడి ఎగరడం రాదు. కళ్ళతో చూసి ఎగరడానికే లైసెన్సు. మేఘం ఎదురైతే వెనక్కి తిరుగుతాం, అంతేగా అనుకునేవాళ్ళు.

ఇప్పుడు 1954. ఇలినాయ్ యూనివర్సిటీలో ముగ్గురు పరిశోధకులు ఆ "అంతేగా"ని పరీక్షించారు. పరికరాలతో ఎగిరిన అనుభవం లేని ఇరవైమందిని తీసుకున్నారు. విమానం మన బొనాంజాయే. పక్కన శిక్షకుడు ఉంటాడు, బయటి చూపుని కట్టేస్తారు, కళ్ళకి పరికరాలు మాత్రం కనిపిస్తాయి. ఎంతసేపు అదుపులో ఉంచగలవో చూద్దాం అన్నారు.

ఇరవైమందిలో ఇరవైమందీ ఓడిపోయారు. పందొమ్మిదిమంది విమానం సుడి తిరుగుతూ కిందికి జారే స్థితిలోకి వెళ్ళింది. ఒకడు ముక్కు మరీ పైకెత్తి వేగం పోగొట్టుకున్నాడు. అందరికన్నా తొందరగా పోయినవాడికి పట్టింది 20 సెకన్లు. ఎక్కువ నిలబడ్డవాడు 480 సెకన్లు. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ. మనం టీ పొయ్యి మీద పెడితే పొంగొచ్చేలోపు.

ఆ సుడి ఎలా పుడుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడే మోసం ఉంది. విమానం ఓ పక్కకి తెలియకుండా కొద్దిగా వాలుతుంది. చెవికి తెలియదు. వాలిన రెక్కలు విమానాన్ని పైకి మోయడంతో పాటు పక్కకీ లాగుతాయి కాబట్టి ముక్కు కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది. పైలట్ చూస్తాడు: ఎత్తు తగ్గుతోంది. ఒళ్ళు ఏం చెబుతోంది? రెక్కలు సమంగానే ఉన్నాయి అంటోంది. అయితే ముక్కు ఎత్తితే చాలు కదా అని కంట్రోల్‌ని వెనక్కి లాగుతాడు. రెక్కలు వాలి ఉండగా వెనక్కి లాగితే విమానం పైకెక్కదు, మలుపు ఇంకా బిగుసుకుంటుంది. ఇంకా లాగుతాడు. ఇంకా బిగుస్తుంది. ప్రాణం కాపాడుకోవడానికి చేసే ప్రతి పనీ ప్రాణం తీసేదే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని శ్మశానం సుడి అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

పరిశోధకులు అక్కడితో వదిలేయలేదు. చక్రాలు దించు, ఇంజన్ శక్తి తగ్గించు, చేతులు వదిలేసి కాళ్ళతో మాత్రమే నెమ్మదిగా వెనక్కి తిప్పు అని ఒక పద్ధతి నేర్పారు. నేర్చుకున్నాక 60 ప్రయత్నాల్లో 59 సఫలమయ్యాయి. అంటే మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు, వెనక్కి తిరగొచ్చు. నేర్చుకుని ఉంటే.

ఈ ఫలితం వచ్చిన ఐదేళ్ళకి, ఇంకో బొనాంజా. 1959 ఫిబ్రవరి 3, అర్ధరాత్రి దాటింది. అయోవా రాష్ట్రం, మేసన్ సిటీ విమానాశ్రయం.

అమెరికన్ పాటల చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ తేదీ తెలుసు. బడ్డీ హాలీ, 22 ఏళ్ళు. రిచీ వాలెన్స్, 17 ఏళ్ళు. బిగ్ బాపర్ అని పేరుపడ్డ జె.పి. రిచర్డ్‌సన్, 28. చలికాలంలో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే యాత్రలో ఉన్నారు. బస్సులో హీటర్ పనిచేయదు. బడ్డీ హాలీ బృందంలో డ్రమ్స్ వాయించే కుర్రాడికి ఆ చలికి పాదాలు దెబ్బతిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. క్లియర్ లేక్ అనే ఊళ్ళో సర్ఫ్ బాల్‌రూమ్‌లో ప్రదర్శన అయ్యాక మళ్ళీ రాత్రంతా ఆ బస్సే. మర్నాటి ప్రదర్శన మిన్నెసోటాలో మూర్‌హెడ్‌లో. బడ్డీ హాలీ విసిగిపోయి, చిన్న విమానం మాట్లాడుకున్నాడు. మనిషికి 36 డాలర్లు. ముందే చేరుకుని, బట్టలు ఉతికించుకుని, కాస్త నిద్రపోవచ్చు. అంతకు మించి ఏ దురాశా లేదు, పాపం. మన నాటక సమాజాలవాళ్ళు ఎడ్లబండ్ల మీద ఊళ్ళు తిరిగిన రోజుల్లో కూడా ఇలాంటి రాత్రులు ఎన్ని ఉండి ఉంటాయో.

సీట్లు మూడే. వేలన్ జెన్నింగ్స్ అనే కుర్రాడు, తర్వాత తనూ పెద్ద గాయకుడయ్యాడు, జ్వరంగా ఉన్న రిచర్డ్‌సన్‌కి తన సీటు ఇచ్చేశాడు. ఇంకో సీటు కోసం టామీ ఆల్సప్, వాలెన్స్ బొమ్మాబొరుసూ వేసుకున్నారు. వాలెన్స్ గెలిచాడు. బయల్దేరేముందు హాలీ "మీ బస్సు గడ్డకట్టుకుపోవాలి" అన్నట్టు ఏదో అంటే, జెన్నింగ్స్ "అయితే మీ విమానం కూలాలి" అని ఎగతాళిగా అన్నాడట. ఆ మాట తనను ఏళ్ళ తరబడి వెంటాడిందని తనే తర్వాత చెప్పుకున్నాడు.

ఇదంతా అందరూ చెప్పే కథే. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నాలుగో మనిషి. పైలట్ రోజర్ పీటర్సన్. వయసు 21. మొత్తం 711 గంటలు నడిపాడు, అందులో బొనాంజా మీద 128. పరికరాలతో ఎగరడం 52 గంటల పాటు నేర్చుకున్నాడు గానీ అంతకుముందు ఏడాది ఆ పరీక్ష తప్పాడు. అతను పనిచేసే సంస్థకి కూడా కళ్ళతో చూసి ఎగిరే ప్రయాణాలకే అనుమతి ఉంది.

ఇతను నిర్లక్ష్యం చేశాడా అంటే, ఆ సాయంత్రం నుంచి వాతావరణ సమాచారం మళ్ళీ మళ్ళీ అడిగాడు. వాళ్ళు చెప్పింది ఎగరదగ్గ వాతావరణమనే. కానీ దారిలో మంచు పట్టీ ఒకటి వస్తోందని, చూపు బాగా తగ్గిపోతుందని రాత్రి 11:35కి వాతావరణ శాఖ ప్రత్యేక హెచ్చరిక పంపింది. 12:15కి ఇంకోటి వచ్చింది. ఆ రెండూ అతనికి ఎవరూ చెప్పలేదు. అతని చేతికి ఆ కాగితం అంది ఉంటే ఆగేవాడా? వెనక సీట్లలో దేశమంతా తెలిసిన గాయకులు, ఇరవయ్యొక్క ఏళ్ళ కుర్రాడు. ఆగేవాడనే అనుకోవాలని ఉంది నాకు.

12:55కి విమానం లేచింది. సన్నగా మంచు పడుతోంది. చంద్రుడు లేడు, చుక్కలు లేవు, కింద అయోవా పొలాల్లో దీపాలు కూడా అంతంతమాత్రం. విమాన సంస్థ యజమాని టవర్ దగ్గర నిలబడి తోక దీపాన్ని చూస్తున్నాడు. కొన్ని మైళ్ళు వెళ్ళాక ఆ దీపం నెమ్మదిగా కిందికి దిగి కనుమరుగైంది. రేడియోలో పిలిచారు, జవాబు లేదు. పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఆ యజమానే ఇంకో విమానంలో వెతుక్కుంటూ వెళ్ళి మొక్కజొన్న పొలంలో శకలాలు చూశాడు. ఐదారు మైళ్ళ దూరం కూడా లేదు. నలుగురూ పోయారు.

దర్యాప్తు చేసింది సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు. ఆగిపోయిన పరికరాలే సాక్షులు. వేగం సూది 165, 170 మైళ్ళ మధ్య ఇరుక్కుంది. నిమిషానికి 3,000 అడుగుల చొప్పున కిందికి దిగుతున్నట్టు ఇంకో సూది. గైరో చూస్తే కుడి రెక్క పూర్తిగా 90 డిగ్రీలు వాలి, ముక్కు కిందికి. ఇలినాయ్‌లో శిక్షకుడు పక్కనుండగా పందొమ్మిదిమందికి జరిగిందే, ఇక్కడ శిక్షకుడు లేకుండా జరిగింది.

ఇంకో విషయం కూడా బయటపడింది, నా దృష్టిలో అదే ఈ కథకి గుండెకాయ. పీటర్సన్ నేర్చుకున్న విమానాల్లో మామూలు కృత్రిమ దిగంతం ఉండేది. ఈ బొనాంజాలో ఉన్నది స్పెర్రీ ఎఫ్3 అనే పాత రకం గైరో. అందులో ముక్కు పైకి లేచినప్పుడూ దిగినప్పుడూ కనిపించే బొమ్మ మామూలు దానికి సరిగ్గా తలకిందులు. ఒళ్ళు అబద్ధం చెబుతుందని, సూదిని నమ్మాలని అతనికి నేర్పారు. అతను నమ్మాడు కూడా అనుకుందాం. ఆ చీకట్లో, కిందికి దిగుతుంటే ఎక్కుతున్నానని ఆ బొమ్మని చదివి ఉండొచ్చని బోర్డు రాసింది. ఆకర్ పెట్టె ఇచ్చిన ధైర్యం ఇతని విషయంలో ఇలా అడ్డం తిరిగింది.

సెప్టెంబరులో నివేదిక వచ్చింది: తగిన అర్హత లేకుండా పరికరాల మీదే ఎగరాల్సిన ప్రయాణానికి పూనుకోవడం పైలట్ పొరపాటు, వాతావరణ సమాచారంలో తీవ్రమైన లోపాలూ ఆ గైరో పరిచయం లేకపోవడమూ తోడయ్యాయి అని. తర్వాత పుకార్లు మామూలే. పొలంలో హాలీ తుపాకీ దొరికింది కాబట్టి విమానంలో కాల్పులు జరిగాయన్నారు. 2007లో రిచర్డ్‌సన్ శవాన్ని బయటికి తీసి పరీక్షిస్తే అలాంటిదేమీ లేదని తేలింది. విమానం పేరు అమెరికన్ పై అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆ విమానానికి పేరే లేదు. 1971లో డాన్ మెక్లీన్ ఈ సంఘటన మీద రాసిన పాట పేరది. ఇంకోమాట, మూర్‌హెడ్ ప్రదర్శన ఆగలేదు. ఆ రాత్రి స్థానిక కుర్రాడు ఒకడు, పదిహేనేళ్ళ బాబీ వీ, వాళ్ళ స్థానంలో పాడాడు. అతనూ తర్వాత పెద్దవాడయ్యాడు.

ఇదంతా పాతకాలం, ఇప్పుడు పరికరాలు మారాయి అంటారు. నలభై ఏళ్ళు ముందుకి రండి. 1999 జులై 16. జాన్ ఎఫ్. కెన్నెడీ కొడుకు, అదే పేరుగలవాడు, పైపర్ సారటోగా విమానంలో భార్యని, ఆమె అక్కని ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి మార్తాస్ విన్యార్డ్ దీవికి బయల్దేరాడు. రాత్రి 8:38. దాదాపు 310 గంటల అనుభవం. పరికరాల అర్హతకి ఇంకా నేర్చుకుంటున్నాడు. తోడు వస్తానని ఒక శిక్షకుడు అన్నాడు, తనే నడుపుతానని ఇతనన్నాడు. మేఘం లేదు, తుపాను లేదు, చట్టప్రకారం ఎగరడానికి ఏ అడ్డూ లేదు. ఉన్నదల్లా వేసవి మసక, కింద నల్లటి సముద్రం. అదే రాత్రి అటువైపు ఎగిరిన ఇంకో పైలట్, దీవి దీపాలు కనిపించకపోయేసరికి అక్కడ కరెంటు పోయిందేమో అనుకున్నాడు. అంత మసక. 9:41కి విమానం సముద్రంలో పడింది. చివర్లో నిమిషానికి 4,700 అడుగులకి పైగా వేగంతో దిగింది. విమానంలో ఆటోపైలట్ ఉంది.

మన దగ్గర మాట వస్తే, 2001 సెప్టెంబరు 30న మాధవరావు సింధియా ప్రైవేటు విమానం చెడు వాతావరణంలో మైన్‌పురి దగ్గర కూలి ఎనిమిదిమంది పోయారు. ఇక 2009 సెప్టెంబరు 2 మన ఇళ్ళలో ఎవరూ మర్చిపోలేరు. అది ప్రైవేటు విమానం కాదు, ప్రభుత్వ హెలికాప్టర్, నడిపినవాళ్ళు అనుభవజ్ఞులు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమల మీద సంబంధాలు తెగిపోయి, మర్నాడు పావురాల గుట్ట మీద దొరికింది. ఐదుగురూ మరణించారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి హెచ్చరిక వస్తే పైలట్లు పుస్తకంలో పరిష్కారం వెతుకుతూ ఉండగా, హెలికాప్టర్ ప్రమాదకరమైన మేఘంలోకి వెళ్ళి కిందికి తోసే గాలిలో చిక్కిందని దర్యాప్తు కమిటీ చెప్పింది. అప్పుడు నేను రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాను. పక్కన అక్క. ఆమె భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఈ మాటలన్నీ రికార్డు చేయకముందే మేనల్లుడికి ఫోన్లో చెప్పాను. మధ్యలో అడ్డుపడతాడనుకున్నా, పడలేదు. 178 సెకన్ల సంగతి వాడికి తెలుసట, క్లాసులో చెప్పారట. ఎఫ్3 గైరో సంగతి తెలియదు. కాసేపు ఊరుకుని, "ఆ కుర్రాడు నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు మామయ్యా" అన్నాడు. శాంటా ఫే ప్రయాణం మానేస్తానని మాత్రం అనలేదు. నేనూ మానేయమని అడగలేదు.

మొన్న మళ్ళీ చేశాడు. పరికరాల శిక్షణలో చేరాడట. శాంటా ఫేకి ముగ్గురికీ మామూలు ఎయిర్‌లైన్ టికెట్లు కూడా కొనిపెట్టాడట, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చేవి. ఆ రోజు పొద్దున ఆకాశం చూసి, బాగోకపోతే ఆ టికెట్లతో వెళ్ళిపోతారు. అప్పుడు ఎలాగైనా వెళ్ళాలన్న తొందర పైలట్ మెడ మీద ఉండదు కదా అన్నాడు.

ఆ సంగతి అక్కకి చెప్పాను, సంతోషిస్తుందని. "టికెట్లు దేనికి, విమానానికేనా?" అంది. అవునన్నాను. "మళ్ళీ విమానమేనా" అని ఫోన్ పెట్టేసింది.

వచ్చే వారం నిజాం రైల్వేలు. నమస్కారం.